అవటు గ్రంథి: ఒక మాట, ఒక ఉప్పు

మెడ ముందు భాగంలో ఉండే థైరాయిడ్‌ను మన పాఠ్యపుస్తకాలు ‘అవటు గ్రంథి’ అన్నాయి. అమరకోశంలో అవటువంటే మెడ వెనక భాగం! పేరు పెట్టినవారు గ్రంథిని వెనక్కి తిప్పారన్నమాట. జనం మాత్రం 1656లో థామస్ వార్టన్ గ్రీకు డాలు పేరిట పెట్టిన మాటనే నిలుపుకొన్నారు. మా బెంగళూరు తెలుగిళ్లలో ‘ఆమెకు థైరాయిడ్ ఉంది’ అంటే జబ్బు ఉందని అర్థం. గ్రంథి అందరికీ ఉన్నదే కదా.

ఈ గ్రంథి హార్మోను శరీరంలో జీవక్రియల వేగాన్ని నియంత్రిస్తుంది. దాని తయారీకి అయోడిన్ కావాలి. అది చాలకపోతే పీయూష గ్రంథి థైరాయిడ్‌ను అదేపనిగా ప్రేరేపిస్తుంది, థైరాయిడ్ ఉబ్బుతుంది. సుశ్రుతుడు చెప్పిన గళగండం ఇదే అనుకోవచ్చు. గర్భిణికి అయోడిన్ బాగా కొరవడితే బిడ్డ మెదడు ఎదుగుదలే దెబ్బతింటుంది.

1921లో శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి, సహచరులతో కలిసి 1956లో హిమాలయాల కాంగ్రా లోయలో ఒక పరిశీలన మొదలుపెట్టారు. రెండు మండలాలకు అయోడిన్ కలిపిన ఉప్పు, మూడోదానికి మామూలు ఉప్పు. కొన్నేళ్లకు మొదటి రెండింటిలో గళగండం బాగా తగ్గింది, మూడోదానిలో తగ్గలేదు. ఆ తరువాత అక్కడివారికీ అయోడిన్ ఉప్పే ఇచ్చారు. 1962లో కేంద్ర ప్రభుత్వం జాతీయ గళగండ నివారణ కార్యక్రమం చేపట్టింది.