కొండదారిలో సైకిలు: దిగడంలోనే అసలు నేర్పు

కొండ ఎక్కడానికి బలం కావాలి. దిగడానికి నేర్పు కావాలి. మౌంటెన్ బైక్ కొత్తగా నేర్చేవారు మొదటిదానిపై చూపే శ్రద్ధ రెండవదానిపై చూపరు.

దిగుడు పందేలతోనే ఈ క్రీడకు గుర్తింపు వచ్చింది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఫెయిర్‌ఫాక్స్ పట్టణ సమీపాన, 1976లో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్లతో ఒక మట్టిదారిలో పందేలు ఆరంభించారు. మూడు కిలోమీటర్లకు పైబడిన ఆ దారి దాదాపు 400 మీటర్ల ఎత్తు నుండి దిగుతుంది. వెనుక చక్రపు ఇరుసులోని బ్రేకు వేడెక్కి గ్రీజు పొగై పోయేది. తిరిగి నింపక తప్పేది కాదు. అందుకే ఆ దారికి ‘రీప్యాక్’ అనే పేరు స్థిరపడింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో మౌంటెన్ బైక్ పోటీలకు స్థానం లభించింది.

నిలుచునే తీరు

వాలులో సీటుపై కూర్చోరాదు. పెడళ్లు రెండూ సమానమైన ఎత్తులో ఉంచి, వాటిపై నిలబడాలి. మడమలు కిందికి దించి, మోకాళ్లు, మోచేతులు కొద్దిగా వంచాలి. శరీరభారం చేతులపై గాక పాదాలపై ఉండాలి. వాలు పెరిగిన కొద్దీ నడుమును వెనుకకు జరపాలి. అయితే మరీ జరిగితే ముందు చక్రంపై బరువు తగ్గి, హ్యాండిల్ అదుపు తప్పుతుంది. సీటును ముందే కొంత దించుకోవడం మేలు.

బ్రేకు

బ్రేకు వేయగానే బరువు ముందు చక్రం మీదికి వస్తుంది. కనుక ఆపే శక్తిలో అధికభాగం ముందు బ్రేకుదే. వెనుక చక్రం తేలికపడి, సులభంగా బిగుసుకొని జారుతుంది. ముందు బ్రేకుకు భయపడి వెనుకదానినే నమ్ముకోరాదు. ముందుదానిని ఒక్కసారిగా బిగించనూరాదు. అలా బిగిస్తే మనిషి హ్యాండిల్ మీదుగా బోర్లా పడతాడు. రెండింటినీ కలిపి, క్రమంగా నొక్కాలి. డిస్క్ బ్రేకులకు ఒక వేలు చాలు. రిమ్ బ్రేకులకు రెండు వేళ్లు కావాలి. సైకిలు ఇతరులదైతే, ఏ చేతి కింద ఏ బ్రేకు ఉన్నదో బయలుదేరే ముందే చూసుకోవాలి.

మలుపు

వేగాన్ని మలుపుకు ముందే, దారి తిన్నగా ఉన్నచోటనే తగ్గించాలి. మలుపులో టైరుకు ఉన్న పట్టంతా తిరగడానికే అవసరం. అక్కడ గట్టిగా బ్రేకు వేస్తే ఆ పట్టు రెండు పనులకు చాలక చక్రం జారుతుంది. సైకిలును లోపలికి వంచి, బయటి వైపు పెడలును కిందికి దించి, దానిపై బరువు వేయాలి. చూపు మలుపు ముగిసే చోట నిలపాలి. రాయినే చూస్తూ పోతే సైకిలు ఆ రాయి వైపే పోతుంది.

అభ్యాసం

కోలారు, బళ్లారి, కృష్ణగిరి, కోరాపుట్ జిల్లాల పాఠకులకు రాతిగుట్టలు కొత్త కావు. అయినను తొలి అభ్యాసం ఊరి మైదానంలోనే జరగాలి. నేలపై గీత గీసి, వెనుక చక్రం జారకుండా, సరిగ్గా ఆ గీత వద్ద ఆగడం నేర్వాలి. అది చేతికి వచ్చిన పిదప చిన్న వాలుకు, ఆపై గుట్టకు పోవచ్చు. కొత్త దారిని ముందుగా నడిచి చూడాలి. హెల్మెట్ లేకుండాను, తోడు లేకుండాను దిగరాదు. అటవీ భూముల్లో అనుమతి ఉన్న దారులనే ఎంచుకోవాలి.

వాలు తన శక్తికి మించినదని తోచిన చోట సైకిలు దిగి నడిపించుకొని పోవాలి. ఎక్కడ దిగాలో తెలియడం కూడ ఈ విద్యలో భాగమే.