నుదుటి మీద బంతి

సెప్టెంబరు 16 వస్తే నాకు బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడు కెర్లోన్ గుర్తొస్తాడు. అతని దగ్గరికి వెళ్లే ముందు కాస్త చరిత్ర.

1863లో లండన్‌లో ఫుట్‌బాల్ నిబంధనలు రాసుకున్నప్పుడు బంతికి ముందున్న సొంత జట్టువాడు ఆఫ్‌సైడే. ముందుకు పాస్ ఇచ్చే వీల్లేదు. బంతి దొరికినవాడు దాన్ని తోసుకుంటూ గుంపులోకి దూసుకుపోవాల్సిందే. 1866లో ఆ నిబంధన సడలింది. 1872లో గ్లాస్గోలో స్కాట్లాండ్ పాస్‌లతో ఆడి ఇంగ్లండ్‌ను నిలువరించింది. ఆ తర్వాత బంతిని తోసుకుంటూ పోయే డ్రిబ్లింగ్ కొందరి సొంత విద్య అయింది: 1953 ఎఫ్ఏ కప్ ఫైనల్లో స్టాన్లీ మాథ్యూస్, 1962 ప్రపంచకప్‌లో వంకర కాళ్ల గారించా. వాళ్లందరి మాయ అంతా పాదాల్లోనే ఉంది.

కెర్లోన్ దాన్ని నుదుటికెక్కించాడు. బ్రెజిల్‌లోని ఇపాటింగాలో 1988లో పుట్టాడు. బంతిని కాలితో పైకి లేపి, మెడ వెనక్కి వాల్చి, నుదుటి మీద టపటపా ఎగరేస్తూ పరుగెత్తేవాడు. సర్కస్‌లో సీల్ ఆడించినట్టే ఉండేది. అందుకే అది 'సీల్ డ్రిబుల్' అయింది. కాలెత్తితే ప్రమాదకరమైన ఆట, ఒళ్లు అడ్డుపెడితే ఫౌల్. డిఫెండర్‌కు దిక్కు తోచేది కాదు. 2005లో వెనిజులాలో జరిగిన దక్షిణ అమెరికా అండర్-17 పోటీల్లో ఈ విద్యతోనే లోకం కళ్లలో పడ్డాడు.

2007 సెప్టెంబరు 16. బెలో హొరిజాంటేలోని మినెయిరావ్ స్టేడియం. ఊళ్లోని రెండు పెద్ద జట్లు క్రుజైరో, అట్లెటికో మినేరో తలపడ్డాయి. క్రుజైరో 4-3 ఆధిక్యంలో ఉంది. ఆ జట్టుకు ఆడుతున్న కెర్లోన్ బంతిని నుదుటికెత్తుకుని కదిలాడు. అట్లెటికో డిఫెండర్ కొయెల్యో ఎదురొచ్చి ఒంటి బలమంతా పెట్టి గుద్దాడు. కెర్లోన్ కూలిపోయాడు, ఆటగాళ్లు ఒకరినొకరు తోసుకున్నారు, కొయెల్యోకు రెడ్ కార్డు పడింది. తర్వాత నిషేధమూ వచ్చింది. కెర్లోన్ తమను ఎగతాళి చేశాడని అట్లెటికో వాళ్ల కోపం. నేనొప్పుకోను. ప్రత్యర్థికి అందకుండా బంతిని కాపాడుకోవడమే డ్రిబ్లింగ్. అతను చేసిందీ అదే.

ఆ తర్వాత మోకాలి గాయాలు అతణ్ణి వదల్లేదు. ఇటలీలో కియేవో, ఇంటర్ క్లబ్బులు, ఆపైన జపాన్, మాల్టా, స్లొవేకియా. ఎక్కడా కుదురుకోలేదు. 2017లో, ముప్పై నిండకుండానే ఆట మానేశాడు.

బ్రెజిల్‌లో ఇలాంటి విన్యాసాలు ఎగతాళా కాదా అన్న తగవు మాత్రం ఆగలేదు. 2025 మార్చిలో పాలిస్టా అనే రాష్ట్రస్థాయి పోటీ ఫైనల్లో కొరింథియన్స్ ఆటగాడు డెపాయ్ రెండు కాళ్లతో బంతి మీద నిలబడితే కొట్లాట అయింది. వెంటనే అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య అలా నిలబడితే పసుపు కార్డేనని ఉత్తర్వు ఇచ్చింది. గారించాను కన్న దేశంలో ఇలాంటి ఉత్తర్వు చూసి నా మనసు చివుక్కుమంది.