విద్యుత్తుచే ధూమశోధనము: ఒక చారిత్రక పరిశీలనము

సండూరు లోయలో ఇనుపరాతి ధూళి కంటికి కనబడును. ఆ రాతిని మోయు లారీల పొగలోని నైట్రిక్ ఆక్సైడునకు రంగు లేదు. ధూళిని మా పాఠశాల బాలురు తుడుచుకొందురు. ఈ వాయువు మాత్రము గాలిలో నైట్రోజన్ డయాక్సైడుగా మారి, తెలియకయే ఊపిరితిత్తులకు హాని చేయును. దీనిని అణచు ప్రయత్నముల చరిత్రను సంగ్రహముగా విన్నవింతును.

1785లో హెన్రీ కావెండిష్ గాలిలో విద్యుత్ స్ఫులింగములను పుట్టించి, నత్రజని ఆమ్లజనుల కలయికచే నత్రికామ్లము లభించునని చూపెను. 1903లో నార్వే దేశీయులగు బిర్కెలాండ్, ఐడె అనువారు ఇదే మార్గమున ఎరువుల పరిశ్రమకు పునాది వేసిరి. అనగా మండు విద్యుత్తు ఈ వాయువులను పుట్టించునదియే. డీజిల్ యంత్రములోని తీవ్రమైన వేడిమియు అట్లే పుట్టించును.

ఐతే 1857లోనే వెర్నర్ సీమెన్స్ రెండు ధ్రువముల నడుమ గాజును నిలిపి, విద్యుత్తు మంటగా మారక సన్నని కాంతిగా వ్యాపించునట్లు చేసి ఓజోనును తీసెను. ఇందు ఎలక్ట్రానులు మిక్కిలి శక్తిని పొందును. వాయువు మాత్రము అంతగా వేడెక్కదు. విద్యుదావేశము గల ఇట్టి వాయుస్థితికి 1928లో లాంగ్‌మ్యూర్ ప్లాస్మా యని పేరిడెను. 1980 దశకమున జపానులో సెనిచి మసుదా క్షణికములైన విద్యుత్ స్పందనములతో పొగలోని నత్రజని ఆక్సైడులను తగ్గించు విధమును పరిశోధించెను.

ఇచట ఒక చిక్కు కలదు. ఆమ్లజని మిగిలియున్న డీజిల్ పొగలో శీతల ప్లాస్మా నైట్రిక్ ఆక్సైడును నశింపజేయుటకంటె డయాక్సైడుగా మార్చుటయే అధికము. కావున దానిని పట్టియుంచు పదార్థమో, ఉత్ప్రేరకమో తోడు కావలెను. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో బి. ఎస్. రజనీకాంత్ బృందము బాక్సైటునుండి అల్యూమినా తీయగా మిగులు ఎఱ్ఱబురదను ఇట్లు తోడుచేసి పరీక్షించినది. ఆ బురదకు ఎఱుపునిచ్చునది ఐరన్ ఆక్సైడు. మన కొండలకు ఎఱుపునిచ్చునదియు అదియే.

2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి 6 నియమము వచ్చుటచే క్రొత్త లారీలలో యూరియా ద్రావణపు పద్ధతి ప్రబలినది. ప్లాస్మాకు విద్యుద్వ్యయము ఇంకను అడ్డంకియే. పాత లారీలు మాత్రము ఆ నియమమునకు ముందటివి. ఏ పద్ధతి గెలిచినను, ముందు కొలత కావలెను. బడుల చెంత ధూళితోపాటు ఈ కనబడని వాయువును గూడ కొలువవలెనని అడుగుట తల్లిదండ్రులమగు మన విధి.