పసుపులో విషం వెతికి, పిల్లల ఇమ్యూనిటీ దాకా

ఇవాళ కన్నెగంటి తిరుమలాదేవి గారి గురించి మాట్లాడుకుందాం. పుట్టింది కొత్తగూడెంలో. ఇప్పుడు అమెరికాలోని మెంఫిస్‌లో, సెయింట్ జూడ్ పిల్లల రీసెర్చ్ హాస్పిటల్‌లో పేరున్న ఇమ్యునాలజీ సైంటిస్ట్. మా ఆర్మూర్‌కీ ఆమెకూ ఏం సంబంధం అంటారా? పసుపే.

ఆమె కాకతీయ యూనివర్సిటీలో డిగ్రీ, ఉస్మానియాలో పీజీ, పీహెచ్‌డీ చేశారు. అప్పట్లో ఆమె పని మనుషుల రోగాల మీద కాదు, పంటలకు పట్టే బూజుల మీద.

మా దగ్గర పసుపు తవ్వాక కొమ్ములు ఉడకబెట్టి, కల్లంలో రోజుల తరబడి ఎండబెడతారు. మధ్యలో మబ్బు పట్టిందంటే రైతుకు నిద్ర ఉండదు. తడిస్తే రేటు పోతుందని భయం. కానీ పోయేది రేటొక్కటే కాదు. సరిగ్గా ఎండని సరుకులో కొన్ని రకాల బూజులు ఆక్రాటాక్సిన్ అనే విషాన్ని వదులుతాయి. కంటికి కనపడదు, కిడ్నీలకు చేటు.

తిరుమలాదేవి గారు, పటాన్‌చెరు ఇక్రిశాట్‌కు చెందిన డీవీఆర్ రెడ్డి గారితో, ఇంకొందరితో కలిసి మిరియాలు, ధనియాలు, అల్లం, పసుపు పరీక్షించి 2001లో పేపర్ వేశారు. మొత్తం 126 శాంపిళ్లు. పసుపువి 25 అయితే, 9 శాంపిళ్లలో ఆ విషం కిలోకి 10 మైక్రోగ్రాములు దాటింది. (అందులో ఆర్మూర్ పసుపు ఉందని నేను అనట్లేదు, కామెంట్లలో కొట్టుకోకండి.)

నాకు నచ్చింది పరీక్ష చేసిన పద్ధతి. దాని పేరు ఎలైసా. ఒక్క ఆక్రాటాక్సిన్‌నే గుర్తుపట్టి పట్టుకునే యాంటీబాడీని వాడతారు. యాంటీబాడీ అంటే ఇమ్యూనిటీ పనిముట్టే కదా. అంటే పసుపు దగ్గరున్నప్పుడే ఆమె చేతిలో ఇమ్యునాలజీ ఉంది.

తర్వాత అమెరికా. 2006లో మిషిగన్ యూనివర్సిటీలో ఉండగా నేచర్ పత్రికలో ఆమె పేపర్ వచ్చింది. మన కణాల్లో ఎన్ఎల్ఆర్‌పీ3 అనే ప్రోటీన్ కాపలా కుక్కలా ఉండి, బ్యాక్టీరియా ఆర్ఎన్ఏ తగలగానే మంట రేపుతుందని అందులో చూపించారు. ఆమె ఒక్కరే కాదు, అదే సంచికలో ఇంకో రెండు టీములూ ఈ ప్రోటీన్ మీదే రాశాయి.

ఈ ప్రోటీన్ జీన్‌లో తేడా ఉన్న కొందరు పిల్లలకు చల్లగాలి తగిలితే చాలు, ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం. చూసినవాళ్లు ఎలర్జీ అనుకుంటారు. కానీ అది ఎలర్జీ కాదు. కాపలా కుక్క దొంగ లేకుండానే మొరుగుతోంది. ఎలర్జీ మాత్రలతో తగ్గదు. ఐఎల్-1 అనే మంట సిగ్నల్‌ను ఆపే మందులు కావాలి. పేరు తప్పు పెడితే పిల్లలకు ఏళ్ల తరబడి తప్పు వైద్యమే నడుస్తుంది.

2007లో సెయింట్ జూడ్‌లో చేరారు. కోవిడ్ టైంలో ఆమె టీము టీఎన్ఎఫ్, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రెండు సిగ్నళ్లు కలిస్తే కణాలు చచ్చిపోతున్నాయని కనిపెట్టింది. పేపర్ 2021లో సెల్ పత్రికలో వచ్చింది. రెండింటినీ అడ్డుకుంటే ఎలుకలు బతికాయి. దేంతో అడ్డుకున్నారంటే, మళ్లీ యాంటీబాడీలతోనే.