నిజాం కారు కింద కమాన్ కట్టలు

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ ఒకటుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్. 1911లో ఆయన పోవడంతో కారు ఉస్మాన్ అలీఖాన్‌కి చేరింది. బార్కర్ కంపెనీ కట్టిన బాడీలో వెనక సింహాసనంలాంటి సీటు. చూడ్డానికొచ్చినవాళ్ల కళ్లన్నీ దాని మీదే. గోలేటి నుంచి నాతో వచ్చిన బాపు మాత్రం నడుం పట్టుకుని వంగి, ముందు చక్రాల మధ్యకి చూశాడు. "ఇవి మన లారీ కమాన్ కట్టలే గదరా!" అన్నాడు. ముప్ఫయ్యేళ్లు బొగ్గు లారీ నడిపిన మనిషి.

నిజమే. విల్లులా వంచిన ఉక్కు పట్టీల కట్ట. పట్టీ మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లవుతుంది. బండి బరువుకి కట్ట 6 సెంటీమీటర్లు దిగితే బండి సెకనుకి రెండుసార్లు ఊగుతుంది, 25 దిగితే ఒక్కసారే. ఒంటికి సుఖం ఆ నెమ్మది ఊపులోనే.

మరి అంత ఖరీదైన కారుకి ముందు కట్టలు మెత్తగా ఎందుకు పెట్టలేదు? వాటికి రెండు పనులు గనక. బరువు మొయ్యాలి, ఇరుసుని కదలకుండా పట్టుకోవాలి. మెత్తబరిస్తే గతుకుల్లో ఇరుసు మెలితిరిగి స్టీరింగు వణుకుతుంది. ఒకే ఫంక్షన్‌కి రెండు బాధ్యతలు అప్పగిస్తే ఏమవుతుందో మా సాఫ్ట్‌వేర్ వాళ్లకి బాగా తెలుసు.

రోల్స్‌రాయిస్‌లో పనిచేసి 1930లో క్యాడిలాక్‌కి వెళ్లిన మారిస్ ఓలీ ఈ ముడి విప్పినవాళ్లలో ముఖ్యుడు. గతుకు ముందు చక్రానికి తగిలాకే వెనక చక్రానికి తగులుతుంది. వెనక స్ప్రింగు త్వరగా ఊగి ముందుదాన్ని అందుకుంటే బండి సమంగా లేచి దిగుతుంది. లేదంటే ముందుకీ వెనక్కీ తూగుతుంది. అంటే మెత్తగా ఉండాల్సింది ముందు స్ప్రింగే. 1934 క్యాడిలాక్‌లో ముందు ఇరుసు తీసేశారు. చక్రాన్ని పట్టుకునే పని లింకులకీ, బరువు మోసే పని కాయిల్ స్ప్రింగుకీ పంచారు. 1936కల్లా ఫాంటమ్ 3తో రోల్స్‌రాయిస్ కూడా ఆ దారి పట్టింది.

లారీలు కట్టల్నే ఉంచుకున్నాయి. చవక, మొండివి, విరిగిన పట్టీని దారిపక్క షెడ్డులో మార్చుకోవచ్చు. కారణాలు సరైనవే. కానీ బాపు నడిపిన లారీలో డ్రైవరు సీటు దాదాపు ముందు ఇరుసు మీదే ఉండేది. ఖరీదైన కార్లు 1930లలోనే వదిలించుకున్న కుదుపు, ఆయన రిటైరయ్యేదాకా ఆ సీటు కిందే ఉంది.

మోటారు చరిత్ర చదివేటప్పుడు అది ఏ సీటులో కూర్చుని రాసిందో చూసుకోవాలని నాకు ఆ రోజే తెలిసింది.