శబ్దనాణ్యత యెవరి సొత్తు?

ఇంట్లో పాట వినటానికి ఏ స్ట్రీమింగు సేవ మంచిదన్న ప్రశ్న యిప్పుడు మా మంగళగిరిలో చదువుకొనే యువకుల మధ్య తరచు వినపడుతున్నది. ప్రశ్న పనికిమాలినది కాదు. పాట ప్రజల నిత్యావసరాల్లో వొకటని నమ్మేవాళ్లము, దానిని మంచిగా వినే హక్కును విలాసమని కొట్టివేయలేము. అయితే యీ చర్చ జరిగే తీరుతో నాకు పేచీ వున్నది. వొకరు 320 అంటారు. మరొకరు 24 బిట్లంటారు. అంకె పెద్దదైతే పాట గొప్పదన్న తీర్మానంతో సభ ముగుస్తుంది.

ఆ అంకెలేమిటో ముందు చూద్దాము. 1982లో కాంపాక్ట్ డిస్కు వచ్చినపుడు శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు, వొక్కొక్కసారి 16 బిట్లతో కొలిచి రాసే పద్ధతి స్థిరపడింది. రెండు చానళ్లకూ కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు. గంట సంగీతానికి సుమారు 635 మెగాబైట్లు. 2019లో మన దేశానికి వచ్చిన స్పాటిఫై డబ్బు కట్టిన శ్రోతకు 320 కిలోబిట్ల వరకు, ఉచిత శ్రోతకు 160 వరకు యిస్తూ వచ్చింది. ఆపిల్ సంస్థ 256తో నడిచి, 2021 జూనులో అదనపు రుసుము లేకుండా లాస్‌లెస్ శబ్దాన్ని, అనగా దేనినీ పారవేయని శబ్దాన్ని, 24 బిట్లు 192 కిలోహెర్ట్జ్ దాకా అందించటం మొదలుపెట్టింది. స్పాటిఫై ఆ పని 2025లో గాని చేయలేదు. జియోసావన్ తన చందాదారులకు 320 అంటుంది.

యీ అంకెలు అబద్ధాలు కావు. కాని అవి కాలువ చివరి గట్టు వెడల్పును మాత్రమే చెప్పుతాయి. డెల్టాలో పుట్టినవాడికి యిది విడమరచి చెప్పనక్కరలేదు. ఆనకట్ట దగ్గర నీరు లేనపుడు పిల్లకాలువను యెంత వెడల్పు చేసినా చివరి పొలం తడవదు. పాట విషయంలో ఆ ఆనకట్ట ఏది, అక్కడ తూములు యెవరి చేతిలో వున్నవి అని అడగని పోలిక సగం పోలికే. అందుకు చరిత్రలోకి పోవలసి వున్నది.

1902 నవంబరులో గ్రామఫోను కంపెనీ తరఫున గైస్‌బర్గ్ కలకత్తా వచ్చి మన దేశపు గొంతులను మన దేశంలోనే మొదటిసారి రికార్డులకు యెక్కించాడు. అప్పటికి మైకు లేదు. గాయకుడు కొమ్ము వంటి గొట్టంలోకి పాడాలి. ఆ ఊపిరి బలమే సూదిని కదిలించి మైనం మీద గీత గీయాలి. అట్లా పట్టుబడే శబ్దం సుమారు 2,000, మహా అయితే 2,500 హెర్ట్జ్ దాకానే. తంబురా జీరలోని పైస్వరాలు యీ గొట్టంలో దూరలేవు. 1925 తర్వాత విద్యుత్ మైకు వచ్చినాక పరిధి సుమారు 5,000 దాకా పెరిగింది. పది అంగుళాల లక్క రికార్డుకు వొక్కొక్క వైపు మూడు నిమిషాల చిల్లర. రాత్రి తెల్లవార్లూ సాగే నాటకం నుండి మూడు నిమిషాల పద్యాన్ని కోసి తీసింది కళాదృష్టి కాదు, ఆ పళ్లెం వ్యాసం.

మన ప్రాంతంలో ఆ పళ్లేలు కొన్నదెవరు? 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయిన తర్వాత వరి పండి, ఆ వరి డబ్బుతో నాటక కంపెనీలను పోషించిన తరగతే చాలావరకు గ్రామఫోను పెట్టెలను కూడా కొన్నది. కీ యిచ్చి తిప్పే యంత్రం గనుక కరెంటు లేని పల్లెకు కూడా వచ్చింది. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి రంగస్థల గాయకుల పద్యాలు ఆ పెట్టెలలోనుండి యింటిల్లిపాదికీ, అరుగు కింద నిలబడ్డ పాలేళ్లకూ కూడా వినపడ్డాయి. ఉక్కు సూది తిరిగిన ప్రతిసారీ గాడి కొంత అరిగింది. యెంత ప్రీతిపాత్రమైన పద్యమో అంత త్వరగా చెడిపోయింది. పాత రికార్డులు వెదికేవారికి యిది తెలుసు: యెవరూ వినని రికార్డే శుభ్రంగా దొరుకుతుంది!

ఆ తర్వాత రేడియో. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రం ప్రారంభమైనది. మీడియంవేవు స్టేషన్ల నడుమ యెడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే గనుక యింట్లోని రిసీవరు సుమారు 4,500 హెర్ట్జ్ పైన ఏమీ వినిపించదు. ఆ సన్నని దారిలోనే ఓలేటి వెంకటేశ్వర్లు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, రజనీకాంతరావుల సంగీతం డెల్టా అంతటా వ్యాపించింది. పంచాయతీ రేడియో కింద కూర్చున్నవాడూ, మగ్గపు గుంటలో కూర్చున్న నేతపనివాడూ దానిని విన్నారు. అంకెలతో చూస్తే గ్రామఫోనుకంటె పెద్ద మెరుగు లేదు. కాని స్టూడియోలో పాడినదానికీ వినేవాడికీ నడుమ అరిగిపోయే గాడి లేదు. పాట కొనవలసిన పని లేదు. 1952లో కేస్కర్ మంత్రిగా సినిమా పాటను ఆకాశవాణినుండి తరిమితే జనం సిలోను తిప్పుకొన్నారు. 1957లో వివిధభారతి పెట్టి ప్రభుత్వం దిగిరావలసి వచ్చింది. శ్రోత ఆనాడు కోరినది హెర్ట్జులు కాదు.

క్యాసెట్టు యుగాన్ని నేను వొక్క మాటతో దాటిపోతాను: అది పాటను చౌక చేసింది, నకలు మీద నకలుగా చెడగొట్టింది కూడా.

ఇంటర్నెట్టు సంగతి భిన్నమైనది. ఎంపీ3 మొదలైన పద్ధతులు చెవి దేనిని వినలేదో లెక్కకట్టి దానిని పారవేస్తాయి. జర్మనీలో యీ పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ముఖ్యుడైన బ్రాండెన్‌బుర్గ్, సుజాన్ వేగా అనే అమెరికన్ గాయని వాద్యాలు లేకుండా పాడిన పాటను వొక పరీక్షగా పెట్టుకొన్నాడు. సన్నాయి, డోలు, బుర్రకథ ఆ బల్లమీదకు రాలేదన్నది నేను ఫిర్యాదుగా చెప్పటంలేదు. చెవి అందరిదీ వొకటే. అయినా వొక సంగతి వున్నది. యీ పద్ధతి శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా కోస్తుంది. ముక్క మధ్యలో హఠాత్తుగా వొక దెబ్బ పడితే, లెక్కలో మిగిలిన దోషం ఆ దెబ్బకు ముందుకు కూడా పాకుతుంది. బుర్రకథలో కథకుడి చేతి అందెలు వొకదానికొకటి తగిలే క్షణం సరిగ్గా అటువంటిది. తక్కువ కిలోబిట్ల నకలులో ఆ టంగుమనే మొన మొద్దుబారి, ముందుగా వొక చిన్న ఉసురు వినపడుతుంది. పొన్నెకల్లు నాజర్ మా గుంటూరు జిల్లావాడు. ఆయన కథలో ఆ అందె అలంకారం కాదు, వాక్యానికి విరామచిహ్నం. 128 దగ్గర ఆ చిహ్నం అలుక్కుపోతుంది. 320 దగ్గర దాదాపు నిలుస్తుంది.

నా యింట్లో, వొక పాత ఆంప్లిఫైయరుతో, తీగతో కలిపిన రెండు స్పీకర్లతో, కొందరు విద్యార్థులను కూర్చోబెట్టి యీ సేవలను పోల్చి చూశాము. నియమాలు రెండే. మోత సమానంగా వుండాలి, ఎందుకంటే కొద్దిగా పెద్దగా మోగినదానినే చెవి మంచిదంటుంది. ఏ సేవ మోగుతున్నదో వినేవాడికి తెలియరాదు. ఇటీవలి సినిమా పాటలో 320కీ లాస్‌లెస్‌కూ తేడాను నమ్మకంగా పట్టుకొన్నవారు మాలో లేరు. వొక పాత పాట పెట్టగానే అందరికీ తేడా తెలిసింది. కాని అది సేవల తేడా కాదు. వొకే సేవలో ఆ పాట నాలుగు చోట్ల వున్నది. నాలుగూ నాలుగు రకాలు. వొకటి అరశ్రుతి పైన పోతున్నది, అనగా రికార్డును సరైన వేగంతో తిప్పలేదు. వొకదానిలో గరగర తీసివేసే ఉత్సాహంలో తంబురాను కూడా తీసివేశారు. వొకదానికి లేని ప్రతిధ్వని తగిలించారు. బాగున్న నాలుగోది తక్కువ అంకె చూపుతున్నది!

పాత రికార్డుకు లాస్‌లెస్ వృథా అని దీన్నిబట్టి అనుకోరాదు. గరగర శబ్దాన్ని కుదించటం లెక్కకు చాల కష్టం. పిడికెడు కిలోబిట్లు యిస్తే అవన్నీ గరగరకే ఖర్చయి గొంతుకు మిగలవు. గొంతు నీళ్లలో మునిగినట్లు వినపడుతుంది. అందువల్ల ఉచిత సేవలో వినే పేదవాడికి కొత్త పాటకంటె పాత పాటలోనే యెక్కువ అన్యాయం జరుగుతున్నది. ఇక డబ్బు కట్టి లాస్‌లెస్ తెచ్చుకొని బ్లూటూత్ పెట్టెలో వినే మధ్యతరగతివాడు, ఆ బ్లూటూత్ దారిలో శబ్దం మళ్లీ కుదించబడుతుందని యెరగడు. తన బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో లాస్‌లెస్ రాదని ఆపిల్ సంస్థే 2021లో చెప్పుకొన్నది.

ఇప్పుడు తూముల దగ్గరకు వద్దాము. మన పాత రికార్డుల మాతృకలలో అధికభాగం గ్రామఫోను కంపెనీవి. 2000లో అది సారెగామగా పేరు మార్చుకొన్నది. 2017లో కారవాన్ అనే రేడియో ఆకారపు పెట్టెలో పాత పాటలు నింపి అమ్మింది. చట్టం ఏమంటున్నది? 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం వొక ధ్వనిముద్రణపై హక్కు, అది వెలువడిన మరుసటి యేటి మొదలు 60 యేళ్లు. 1964కు లోపల వెలువడిన ముద్రణలన్నీ యీపాటికి ప్రజల సొత్తు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ పాటల ముద్రణ కూడా అంతే. సాహిత్యానికీ బాణీకీ వేరే లెక్క: రచయిత మరణించిన తర్వాత 60 యేళ్లు గనుక పింగళి, ఘంటసాలల హక్కు యింకా మిగిలివున్నది. తిరుపతి వేంకట కవులలో చెళ్లపిళ్ల 1950లో పోయారు గనుక ఉద్యోగవిజయాల పద్యాలు, వాటి పాత రికార్డులు, రెండూ జనానివే.

హక్కు గడువు తీరింది; మాతృక మాత్రం బీరువాలోనే వున్నది. గడువు తీరినంతనే దానిని బయట పెట్టాలని ఏ చట్టమూ కంపెనీని నిర్బంధించదు. కనుక ప్రజలకు దక్కినది అరిగిన గాడి. కంపెనీకి మిగిలినది అరగని గాడి. దానినుండి కొత్తగా కడిగి తీసిన నకలును సేవలకు యిచ్చి ప్రతి వినికిడికీ సొమ్ము పుచ్చుకొంటుంది. కడగటానికి పడ్డ శ్రమకు వెల వుండటం న్యాయమే. కాని సేవలో ఆ పాట కింద గాయకుడి పేరు, కొత్త ఆల్బం వెలువడిన తేదీ తప్ప మరేమీ వుండదు. యెప్పుడు పాడింది, వీణ యెవరిది, మృదంగం యెవరిది, రికార్డునుండి తీశారా టేపునుండి తీశారా, ఏమీ లేదు. 24 బిట్లని మాత్రం మెరిసే గుర్తు వుంటుంది. పక్కవాద్యం వాయించిన కార్మికుడి పేరుకు ఏ నాణ్యతా పట్టికలోనూ చోటు లేదు. ఆకాశవాణి టేపులు మాత్రం ప్రజల డబ్బుతో తయారైనవి. వాటిని బయట పెట్టమని అడగటానికి 60 యేళ్లు ఆగనక్కరలేదు.

గుడివాడ, తెనాలి, బందరు ప్రాంతాల యిళ్ల అటకలమీద లక్క రికార్డులు యింకా వున్నాయి. విద్యార్థి మిత్రులు యే సేవకు చందా కట్టాలా అని వాదించే సాయంత్రాలలో కొన్నిటిని వాటికి యివ్వవచ్చు. పని కష్టమైనదేమీ కాదుగాని జాగ్రత్త కావాలి. రికార్డును స్పిరిట్‌తో తుడవరాదు, లక్క కరిగిపోతుంది, శుద్ధజలం చాలు. ఎల్.పి. సూది పనికిరాదు: దాని మొన సుమారు 25 మైక్రాన్లు, పాత గాడికి 75 మైక్రాన్లది కావాలి. వేగం 78 అని రాసివున్నా శ్రుతిపెట్టెతో సరిచూచుకోవాలి. నకలు తీసేటపుడు మాత్రం 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ పెట్టవలసిందే, ఆ అంకెలు నిజంగా పనికివచ్చే చోటు అదే. గరగరను ముట్టుకోకుండా వొక ప్రతిని అట్లాగే దాచి, రికార్డు మీది నెంబరును, కాగితంపై వున్న పేర్లన్నిటినీ పక్కన రాసిపెట్టాలి.