పోయిన విద్యుత్తు మరలివచ్చు త్రోవ



మన నెల్లిమర్ల మీదుగా పోవు రైలుమార్గము, బెజవాడకును కటకమునకును నడుమ 1893 మొదలు 1896 వఱకు తెరువబడిన తూర్పుతీరపు మార్గములోని భాగము. పట్టాల ప్రక్కన నిలిచిన తంతిస్తంభములను మీలో పెద్దవారు చూచియే యుందురు. తంతివార్తల యేర్పాటు మన దేశమున 2013లో నిలిచిపోయినది. అయినను ఆ తంతిలో నొక చిత్రము గలదు. విద్యుత్తు బయలుదేరిన చోటికి మరలివచ్చినగాని పనిచేయదు. పోవుట కొక త్రోవ, వచ్చుట కొక త్రోవ వలయును. తొలినాటి తంతిమార్గములందు వార్త కొక్క తీగయే యుండెడిది. మఱి రెండవ త్రోవ యెక్కడ? మన కాళ్లక్రింది నేలయే. 1838లో జర్మనీ దేశీయుడగు స్టైన్‌హైల్ అను శాస్త్రజ్ఞుడు ఈ సంగతిని కనిపెట్టి రెండవ తీగ వ్యయమును తప్పించెను. దానికే ‘ఎర్తు’ అని పేరు.

మోటారుబండి రబ్బరు చక్రములపై నిలుచును గనుక దాని విద్యుత్తునకు నేలతో పనిలేదు. అయినను ఆ పేరు దానికిని సంక్రమించినది. బండి యొక్క ఇనుప దేహమునే మరలివచ్చు త్రోవగా చేసి, దానిని ఎర్తు అనిరి. నేల స్థానమున ఇనుము వచ్చినది. నేలకు తుప్పు పట్టదు, ఇనుమునకు పట్టును. పాతకార్ల తిప్పలలో పెక్కింటికి మూలమిదియే.

1886లో జర్మనీలో కార్లు బెంజు తన మూడుచక్రముల బండికి పేటెంటు పొందెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని, ఆ తరహా బండిపై నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. దారిలో నూనెగొట్టము పూడుకొనగా టోపీసూదితో పొడిచి తెరచెనట. విద్యుత్తు తీగ ఒరసికొని ఇనుమునకు తగులగా, తన మేజోడు పట్టీని దానికి చుట్టెనట. మోటారు చరిత్రలోని తొలి మరమ్మతులలో నొకటి విద్యుత్తు త్రోవ తప్పుటను గూర్చినదే యగుట గమనింపదగినది.

పిమ్మట 1902లో బాషు కర్మాగారమున హోనోల్డు అను శిల్పి అధికపీడన మాగ్నెటోను సిద్ధపఱచెను. అది ఇంజనుతో తిరుగుచు తనంతట తానే నిప్పురవ్వను పుట్టించును, బ్యాటరీతో పనిలేదు. దానిని ఆపుటకు లోపలి చుట్టను తీగతో ఎర్తునకు కలుపుదురు. బ్యాటరీ కాయిలు పద్ధతి దీనికి విపరీతము. మాగ్నెటోకు అకాలమున ఎర్తు తగిలిన నిప్పు ఆరును, కాయిలునకు ఎర్తు తప్పిన నిప్పు పుట్టదు. నిజాముగారి కొఱకు చేయబడిన 1912 నాటి రోల్సు రాయిసు బండి హైదరాబాదు చౌమహల్లా రాజభవనమున గలదు. ఆ జాతి బండ్లలో సిలిండరునకు రెండేసి ప్లగ్గులుండెడివి, ఒకటి మాగ్నెటోది, మఱియొకటి కాయిలుది. ఒకటి అలిగినను రెండవది బండిని ఇల్లు చేర్చును.

1912లో అమెరికాలో కెట్టరింగు అనునతని విద్యుత్ స్టార్టరు కాడిలాకు బండ్లకు అమర్పబడినది. దీపమునకు కొద్ది ఆంపియరులు చాలును. స్టార్టరునకు నూఱు, అంతకు మించియు కావలయును. రానురాను ఇంజనును రబ్బరు దిమ్మెలపై నిలుపు వాడుక వచ్చినది. రబ్బరు విద్యుత్తును పోనీయదు గనుక ఇంజనునుండి చట్రమునకు అల్లిన రాగిపట్టీ యొకటి తప్పనిసరి యైనది.

ఈ రాగిపట్టీ వలన నాకొక పాఠము కలిగినది. కొన్నేండ్ల క్రిందట మా ప్రాంతమున ఒక పెద్దమనిషి ఇంగ్లండున చేయబడిన రెండు ఆసనముల పాత స్పోర్ట్సుకారును ముచ్చటపడి కొనెను. మోటారుషెడ్డులోని కుఱ్ఱవాడొకడు దాని కార్బ్యురేటరును శుభ్రపఱచెను. మఱునాడు ఇంజను కదలలేదు. దీపములు వెలుగుచున్నవి, స్టార్టరు మీట నొక్కగానే మసకబాఱుచున్నవి. బ్యాటరీ మార్చిరి, కాయిలు మార్చిరి, ఫలము లేదు. కుఱ్ఱవాడే చెఱచెనని మేస్త్రీ వాని రెండు నెలల జీతము నిలిపెను. వాడు నా పూర్వశిష్యుడు. నన్ను తగవు తీర్పుమనిరి. నేనును, “చేసిన తప్పు ఒప్పుకొనుము, నాయనా” అంటిని. వాడు మాఱు పలుకలేదు.

ఇంతలో లారీల కరెంటుపని చేసి విశ్రాంతి గొనిన వృద్ధుడొకడు వచ్చి, స్టార్టరు నొక్కించి, చోకు తీగను తాకి చూచెను. అది వెచ్చగా నున్నది. తన త్రోవ మూసికొనిపోగా విద్యుత్తు ఆ సన్నని తీగగుండ దారి వెదకికొనుచున్నది! ఆయన లావుపాటి తీగ నొకదానిని బ్యాటరీ ఎర్తు కొసనుండి ఇంజను ఇనుమునకు కలిపెను. ఇంజను గర్జించెను. ఆపి, తీగ తీసి, మరల నొక్కించెను. కదలలేదు. తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకము లనునవి యివియే గదా! ఉన్నపుడు ఫలముండుట, లేనపుడు లేకుండుట. పట్టీ బోల్టు విప్పిచూడగా దాని క్రింద ఏనాటిదో రంగుపూత, ఆ రంగుపై వానతేమకు పట్టిన తుప్పు కనబడినవి. గరుకు కాగితముతో ఇనుము మెఱయునట్లు రుద్ది, బిగించి, పైన గ్రీజు పూసిరి. పని ముగిసినది.

కుఱ్ఱవాని చేయి పడుటయు, బండి నిలిచిపోవుటయు కాకతాళీయము. కాకి వ్రాలినది, తాటిపండు రాలినది. ఈ న్యాయమును నలువదియేండ్లు బడిలో బోధించిన నేనే ఆనాడు మఱచితిని. వాని జీతము వానికి ముట్టినది. నా తొందరపాటునకు అందఱి యెదుటను వానితో క్షమింపుమని చెప్పుకొంటిని.

మీ గ్రామములందును ఇంజనులు, ట్రాక్టరులు గలవు. బ్యాటరీ విప్పునపుడు ఎర్తుతీగను ముందుగా తీయుడు, బిగించునపుడు చివర పెట్టుడు. ఆ కాలపు ఆంగ్లేయ బండ్లలో పెక్కింటికి ధనధ్రువమే దేహమునకు కలుపబడియుండును, చూచి మఱి పెట్టుడు. క్రొత్త సామాను కొనుటకు ముందు, పోయిన విద్యుత్తు మరలివచ్చు త్రోవను పరీక్షింపుడు. ఒకనిపై నేరము మోపుటకు ముందును అట్లే త్రోవ నంతటిని పరీక్షింపుడు. తుప్పు గరుకు కాగితముతో పోవును. పసివాని మనసున పడిన నింద అంత సులభముగా పోదు.

సెలవు.